సముద్రం బొమ్మల్లో ఆకాశం మరకలు మరకలుగా వస్తోంది, సులువైన పద్ధతి చెప్పండి

కొత్తకుంచె (కాకినాడ) · శనివారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం అండీ. వాటర్ కలర్ మొదలుపెట్టి ఎనిమిది నెలలైంది. మాది కాకినాడ కాబట్టి ఆదివారం వస్తే ఉప్పాడ రోడ్డు పట్టుకుని వెళ్ళి ఫోటోలు తీసుకుంటాను, ఇంటికొచ్చి వేస్తాను. పడవలు పర్వాలేదు, ఇసుక పర్వాలేదు, అలలు ఇప్పుడిప్పుడే కుదురుతున్నాయి. ఆకాశం దగ్గరికి వచ్చేసరికి చేతులెత్తేస్తున్నాను.

ఇవాళ వేసినదాని ఫోటో పెట్టాను చూడండి. 300 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకి 300 గ్రాముల) మందపాటి కాగితం. అట్టకి నాలుగువైపులా టేపు అంటించాను, నీళ్ళు రాశాను, ప్రష్యన్ బ్లూ పైనుంచి కిందకి దించాను. వేసినప్పుడు బ్రహ్మాండంగా ఉందండీ. టీ తాగి వచ్చేసరికి పై అంచున క్యాలీఫ్లవర్ పువ్వులా ఒక మరక విచ్చుకుని ఉంది. కింద సముద్రం గీత దగ్గర వెలుగు కోసం లెమన్ యెల్లో వేస్తే ఆకుపచ్చ తేలింది. మధ్యలో మబ్బు తీద్దామని టిష్యూతో అద్దితే రంగు రానే లేదు.

వారంలో పదకొండు కాగితాలు ఇలాగే పోయాయి. మంచి కాగితం ధర ఎంతో మీకందరికీ తెలుసు. ఎన్నో పద్ధతులు వద్దు, ఒక్కటి చెప్పండి చాలు. దాన్నే పట్టుకుని సాధన చేస్తాను.

సరుగుడుతోట (బాపట్ల) · శనివారం రాత్రి 9:40

మూడోదానికి నేను జవాబు చెప్తాను. ప్రష్యన్ బ్లూ కాగితం పీచులోకి దిగి అక్కడే కూర్చుంటుంది. టిష్యూతో ఎంత అద్దినా లేత నీలం మిగిలే ఉంటుంది. థాలో బ్లూ అయితే ఇంకా మొండిది. అల్ట్రామెరైన్, కోబాల్ట్, సెరూలియన్ నీలాలు కాగితం పైపైన నిలుస్తాయి, తడిగా ఉండగా అద్దితే చాలామటుకు లేచి వచ్చేస్తాయి. మబ్బులు టిష్యూతో తీయాలనుకున్న రోజు ప్రష్యన్ ట్యూబు మూతే తీయకండి.

మిగతా రెండూ మాస్టారు చూస్తే చెప్తారు.

భీమిలి మాస్టారు (భీమునిపట్నం) · ఆదివారం ఉదయం 6:05

కొత్తకుంచె గారూ, ఫోటో పెద్దది చేసి చూశాను. పడవ ముక్కు పైకి లేచిన తీరు చూస్తే మీ చెయ్యి బాగానే ఉందని తెలుస్తోంది. తప్పంతా నీళ్ళ లెక్కలో ఉంది.

ముందు ఆ క్యాలీఫ్లవర్ సంగతి. కాగితం మీద ఎక్కువైన నీరు టేపు అంచున పూసకట్టి నిలబడుతుంది. మధ్య భాగం ఆరుతూ ఉంటుంది, ఆ నీటిపూస మాత్రం అలాగే ఉంటుంది. లోపల తడి తగ్గేకొద్దీ పూసలోని నీరు మెల్లగా లోపలికి పాకుతుంది. పాకుతూ, సగం ఆరిన రంగుని ముందుకి తోసుకుపోతుంది. ఎక్కడ ఆగిందో అక్కడ రంగు గట్టు కడుతుంది. మీరు టీకి వెళ్ళిన ఆ పది నిమిషాల్లో జరిగింది ఇదే. రంగు వేయడం అవగానే కుంచెని గుడ్డలో పిండి, దాని మొనని అంచుల వెంబడి తాకిస్తూ పోండి. పిండిన కుంచె దాహంగా ఉంటుంది, పూసని తాగేస్తుంది. అర నిమిషం పని. ఇది చేయకుండా బల్ల దగ్గర్నుంచి లేవకండి.

ఇక పద్ధతి. స్కూల్లో చాలా ఏళ్ళు డ్రాయింగు చెప్పాను. ఆకాశం కుదరడం లేదన్న ప్రతి పిల్లవాడికీ ఒకటే చెప్పేవాణ్ణి: బోర్డుని తలకిందులు చెయ్యి.

ఆకాశం, సముద్రం కలిసే గీత మీద అడ్డంగా మాస్కింగ్ టేపు వేయండి, టేపు సముద్రం వైపున ఉండాలి. అంచుని గోరుతో గట్టిగా రుద్దండి. రెండువైపులా కాగితం కింది అంచు నుంచి స్కేలుతో కొలిచి వేయండి. పడవ కాస్త వంకరైనా చూసేవాళ్ళు సర్దుకుంటారు. సముద్రం గీత నూలువాసి వాలిందా, నీళ్ళన్నీ ఒక పక్కకి కారిపోతున్నట్టు ఉంటుంది.

తర్వాత రెండంగుళాల ఫ్లాట్ బ్రష్‌తో ఆకాశం మొత్తం మంచినీళ్ళు రాయండి. ఒక నిమిషం ఆగి మళ్ళీ రాయండి. మొదటిది కాగితం తాగడానికి, రెండోది రంగు పాకడానికి. గీత దగ్గర బాగా పలచటి రా సియెన్నా, ఉందా లేదా అన్నంత. అది లేకపోతే యెల్లో ఓకర్. ఈ మట్టి పసుపులు పలచగా ఉన్నప్పుడు నీలంతో కలిసినా బూడిద వైపుకి పోతాయి కానీ మీ లెమన్ యెల్లోలా పచ్చగా అరవవు. వెంటనే పై అంచున అల్ట్రామెరైన్ చిక్కగా, ఎడమ నుంచి కుడికి అడ్డంగా. ఒక్కో గీతా కిందకి దిగుతున్నకొద్దీ కుంచెలో రంగు దానంతట అదే తగ్గుతుంది, మళ్ళీ ముంచకండి. మబ్బులు కావాల్సిన చోట కాగితాన్ని తెల్లగా వదిలేసి పోండి. సగం దూరం వచ్చాక ఆపేయండి.

ఇప్పుడు బోర్డుని తిప్పండి. ఆకాశం పై అంచు మీ పొట్ట వైపుకి రావాలి. సముద్రం వైపు కింద రెండు పుస్తకాలు పెట్టి ఎత్తు చేయండి. నీలం తన బరువుకి తనే పై అంచు వైపుకి జారుతుంది. గీత దగ్గర వెలుగు మిగిలిపోతుంది. చిక్కదనం నుంచి పలచదనానికి మధ్యలో ఎక్కడా మెట్టు కనబడదు. దిగిన నీరంతా ఆ అంచునే చేరుతుంది కాబట్టి పూస తీయడం మర్చిపోతే మళ్ళీ పువ్వు ఖాయం.

మొత్తం మూడు నాలుగు నిమిషాలు. అంతకంటే ఎక్కువసేపు పట్టిందంటే మీరు ఏదో దిద్దుతున్నారని అర్థం.

గీత దగ్గర ఎందుకు పలచన అంటారా? నడినెత్తిన చూస్తే మన కంటికీ శూన్యానికీ మధ్య గాలి ఒక పొర. గీత వైపు చూస్తే దానికి దాదాపు 38 రెట్లు గాలిలోంచి చూస్తున్నాం. పైగా సముద్రం మీద చెమ్మ, ఉప్పు తుంపర. వెలుగు అన్నిసార్లు చెదిరి చెదిరి చివరికి పాలలా తెల్లబడుతుంది. అందుకే ఎండాకాలం మధ్యాహ్నం భీమిలిలో గీత ఎక్కడుందో కూడా సరిగ్గా తెలియదు.

కొత్తకుంచె · ఆదివారం ఉదయం 8:20

మాస్టారూ, ఇంత ఓపిగ్గా రాసినందుకు చాలా కృతజ్ఞతలండీ. పొద్దున్నే ఒకటి వేశాను. పువ్వు రాలేదు! ఆ పూస సంగతి ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదు. కానీ రంగు వేయగానే తెల్లగా వదిలిన మబ్బుల్లోకి నీలం మొత్తం పారిపోయింది. తిప్పేసరికి మబ్బే లేదు. కాగితం ఇంకా తడిగా ఉందేమో. ఎంత తడి ఉండాలో ఎలా తెలుస్తుందండీ?

భీమిలి మాస్టారు · ఆదివారం ఉదయం 8:55

అదే అసలు ప్రశ్న. గడియారం చూసి చెప్పలేం, కాగితాన్నే చూడాలి.

కిటికీకి ఎదురుగా కూర్చోండి. నీళ్ళు రాశాక తల బాగా వంచి, కాగితాన్ని వాలుగా పక్కనుంచి చూడండి. మొదట్లో కిటికీ చువ్వలు అద్దంలో కనిపించినట్టు కాగితం మీద కనిపిస్తాయి. అప్పుడు రంగు వేస్తే చేపలా ఈదుకుంటూ పోతుంది. మీకు పొద్దున్న అయింది అదే. కాసేపటికి చువ్వలు చెదిరిపోతాయి, వెలుగు మాత్రం మిగులుతుంది, పట్టుచీర మీద దీపం వెలుగు పడ్డట్టు. అదీ అదను. అప్పుడు వేసిన రంగు అరంగుళం పాకి ఆగుతుంది, అంచు మెత్తగా ఉంటుంది. తర్వాత ఆ నిగ కూడా పోతుంది. చూడ్డానికి ఆరినట్టే ఉంటుంది కానీ ఆరలేదు. చేతి వెనక భాగం ఆనించండి, చల్లగా తగులుతుంది. చల్లగా ఉన్నంతసేపూ ముట్టుకోవద్దు, ఒక్క చుక్క కూడా వేయవద్దు.

ఇంకొకటి. కాగితం మీద పలచటి మజ్జిగలాంటి రంగు ఉంటే, దాని మీదకి కుంచెలో వచ్చేది పెరుగులా చిక్కగా ఉండాలి. మజ్జిగ మీదకి నీళ్ళు తెస్తే మరక. పిల్లలకి ఈ మజ్జిగ లెక్క చెప్తే వెంటనే పట్టుకునేవాళ్ళు.

ఈ వారం బొమ్మలు వేయకండి. కాగితాన్ని అరచేయంత ముక్కలుగా కోసి, నీళ్ళు రాసి, అర నిమిషానికి ఒక ముక్క, నిమిషానికి ఒకటి, ఒకటిన్నర నిమిషానికి ఒకటి, అలా రంగు చుక్క పెట్టుకుంటూ పోండి. వెనక టైము రాసుకోండి. మీ ఊరి చెమ్మలో, మీ కాగితం మీద అదను ఎప్పుడొస్తుందో మీకే తెలుస్తుంది.

భద్రకాళి_చెరువు (హన్మకొండ) · ఆదివారం మధ్యాహ్నం 1:30

మాస్టారూ, నాకు ఉల్టా సమస్య. మాది హన్మకొండ. సముద్రం ఏడాదికొకసారి చూస్తం, ఆ ఫోటోలు పెట్టుకొని ఏడాదంత వేసుకుంట. ఇక్కడ ఎండకాలంల నీళ్లు రాస్తె చూస్తుండంగనే ఆరిపోతయి. మీరు చెప్పిన పట్టుచీర మెరుపు పది సెకండ్లు కూడ ఉంటలేదు. సగం ఆకాశం వేసేలోపట మిగతా సగం పొడిగ అయితున్నది, నడుమ గీత పడుతున్నది.

నీలిమందు (హైదరాబాద్) · ఆదివారం మధ్యాహ్నం 2:10

తమ్ముడూ, ఆ బాధ నాకు తెలుసు. ముందు ఫ్యాను ఆపు. చెమటలు పట్టినా సరే, నాలుగు నిమిషాలే కదా.

తర్వాత కాగితానికి రెండువైపులా నీళ్ళు పట్టించు. టేపు వద్దు. ఒక గాజు పలక కానీ గట్టి ప్లాస్టిక్ షీటు కానీ తీసుకుని, కాగితం వెనక వైపు బాగా తడిపి దాని మీద పరుచు. తడికి అదే అతుక్కుంటుంది. ఇప్పుడు పై వైపు తడుపు. కింద ఉన్న నీరు పైకి అందుతూ ఉంటుంది, పావుగంట దాకా నీకు అదను దొరుకుతుంది. అంచుల నుంచి కారే నీళ్ళని పాత నూలుగుడ్డతో తుడుచుకో. నేను ఏప్రిల్, మే నెలల్లో ఇంకోలా వేయను. పలకతో సహా తిప్పొచ్చు కాబట్టి మాస్టారి తలకిందుల పద్ధతికీ ఇది సరిపోతుంది. సముద్రం గీతకి మాత్రం టేపు అంటుకోదు, అక్కడ కాస్త పొడిగా వదిలి ఆరాక సరిచేసుకోవాలి.

కాగితం కూడా చూసుకో. చెక్కగుజ్జు కాగితం నీటిని పైనే ఉంచుతుంది, తొందరగా వదిలేస్తుంది. నూరుశాతం కాటన్ కాగితం లోపలికి తీసుకుని నిదానంగా ఇస్తుంది. ఆకాశాలకి ఆ తేడా చాలా పెద్దది. పడవలకీ ఇళ్ళకీ మామూలు కాగితం వాడుకో, ఆకాశానికి కాటన్ కొను.

సరుగుడుతోట · ఆదివారం సాయంత్రం 4:45

అక్క చెప్పిన కాగితం మాటకి ఒకటి కలుపుతాను. మా తీరంలో ఇంకో చిక్కుంది. వానాకాలం కాగితం బయట పెడితే పాడవుతుంది. కాగితం మీద రంగు నిలబడటానికి జిలాటిన్ లాంటి పూత ఉంటుంది, చెమ్మకి అది అక్కడక్కడా చెడిపోతుంది. తెల్లకాగితంగా చూస్తే ఏమీ తెలియదు. వాష్ (పలచటి రంగు పూత) వేయగానే ఆ చోట్ల అద్దుడు కాగితంలా రంగు పీల్చేసుకుని ముదురు చుక్కలు తేలుతాయి. రెండేళ్ళ క్రితం నా దగ్గర పది షీట్లు అలా పోయాయి, నా చెయ్యే బాగాలేదని ఎన్ని రోజులు బాధపడ్డానో. ఇప్పుడు ప్లాస్టిక్ కవర్లో, సిలికా జెల్ పొట్లాలు వేసి, బీరువాలో అడ్డంగా పరిచి పెడుతున్నాను. కొత్తకుంచె గారూ, మీదీ కాకినాడే కాబట్టి చెప్తున్నాను.

హెయిర్ డ్రయ్యరు గురించి కూడా. మెరుపు ఉండగా పెడితే గాలికి రంగు తోసుకుపోతుంది. మెరుపు పూర్తిగా పోయాక, దూరం నుంచి, కదుపుతూ పెట్టాలి.

నీలిమందు · ఆదివారం రాత్రి 8:30

మబ్బుల గురించి ఎవరూ రాయలేదు. నాకు ఇష్టమైన భాగం అదే కాబట్టి రాస్తున్నాను.

టిష్యూని ఉండగా నలిపి, అదనులో ఉన్నప్పుడు అద్ది ఎత్తడమే. రుద్దకూడదు. ప్రతి అద్దుకీ టిష్యూ తిప్పి కొత్త వైపు వాడాలి, లేదంటే ఎత్తిన నీలాన్నే పక్కన మళ్ళీ అద్దుతాం. పై అంచు గట్టిగా, గుండ్రంగా, కింది అంచు మెత్తగా వదిలేయాలి.

కింది అంచు ఎప్పుడూ ఇంచుమించు బల్లపరుపుగా ఉంటుంది. చెమ్మగాలి పైకి లేచి, ఒక ఎత్తుకి వెళ్ళాక చల్లబడి మబ్బవుతుంది. ఆ పూట ఆ ఎత్తు అన్ని దూదిమబ్బులకీ దాదాపు ఒకటే. అందుకే అన్నీ ఒకే అద్దం మీద పెట్టినట్టు ఉంటాయి. మన నెత్తి మీదవి పెద్దవి, వాటి మధ్య ఖాళీలూ పెద్దవి. గీత వైపుకి పోయేకొద్దీ చిన్నవై, సన్నబడి, ఒకదాని మీద ఒకటి చేరి చారలవుతాయి. ఈ ఒక్కటి పాటిస్తే సముద్రం ఎంత దూరం ఉందో చూసేవాళ్ళకి చెప్పక్కర్లేదు. అన్ని మబ్బులూ ఒకే సైజులో వేస్తే ఆకాశం గోడకి అంటించిన కాగితం అవుతుంది.

నీడకి నలుపు వద్దు. అల్ట్రామెరైన్‌లో కొంచెం బర్ంట్ సియెన్నా (ఎర్రమట్టి గోధుమరంగు) కలిపితే ఎంత చక్కటి బూడిద వస్తుందో! సియెన్నా ఒక చుక్క ఎక్కువైతే వెచ్చగా, నీలం ఎక్కువైతే చల్లగా. వానమబ్బుకి కూడా అదే, చిక్కగా. ఇంకా కావాలంటే మబ్బు నెత్తిన తెల్ల గవాష్ (కిందిది కనబడనివ్వని చిక్కటి నీటిరంగు) ఒక చుక్క పెడతాను, ఎండ తగిలినట్టు ఉంటుంది.

భీమిలి మాస్టారు · ఆదివారం రాత్రి 9:15

అమ్మా నీలిమందూ, మబ్బుల గురించి ఇంత బాగా నేను చెప్పలేను. చివరి మాట దగ్గర మాత్రం మీతో ఏకీభవించను. గవాష్ తెలుపు కాగితం తెలుపు పక్కన పెడితే సుద్దలా తేలిపోతుంది. కాగితం తెలుపులోంచి వెలుగు వస్తుంది, తెల్లరంగు మీద వెలుగు ఆగిపోతుంది. ముందే వదులుకోవడం నేర్చుకుంటే గవాష్ అవసరం రాదు. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి ఆ డబ్బా దగ్గర పెట్టుకోవద్దనే చెప్తాను.

నీలిమందు · ఆదివారం రాత్రి 9:40

మాస్టారూ, మీ మాట కాదనను. కానీ నాకు అక్రిలిక్ అలవాటు ముందు, నీటిరంగులు తర్వాత. అక్రిలిక్‌లో కాన్వాస్ తడిపి, గీత దగ్గర టైటానియం వైట్‌లో ఓకర్ చిటికెడు, పైకి పోయేకొద్దీ కోబాల్ట్ పెంచుకుంటూ వెడల్పు కుంచెతో అడ్డదిడ్డంగా కలిపేస్తాం. తెలుపు లేకుండా అక్కడ ఆకాశమే లేదు. ఆ అలవాటు చేతిలోంచి పోవడం లేదు. ఒక నెల గవాష్ లేకుండా వేసి చూస్తాను, ఫోటోలు ఇక్కడే పెడతాను.

పసిఫిక్ అంచు (శాన్ డియేగో) · సోమవారం ఉదయం 7:50

ఎన్నాళ్ళకో ఇంత మంచి చర్చ చదివాను. నేను పుట్టింది నెల్లూరు, మైపాడు తీరంలో ఆడుకున్నవాణ్ణి. పదిహేనేళ్ళుగా కాలిఫోర్నియా. ఇక్కడ సూర్యుడు సముద్రంలోకి దిగుతాడు. చిన్నప్పుడు సముద్రంలోంచి లేచేవాడు. ఇప్పటికీ సాయంత్రం తీరానికి వెళ్తే ఒక్క క్షణం దిక్కులు తారుమారైనట్టు ఉంటుంది.

సూర్యాస్తమయం వేసేటప్పుడు నాకు కుదిరిన పద్ధతి: పసుపుకీ నీలానికీ మధ్య ఎప్పుడూ గులాబీ రంగు ఒక పట్టీ. పర్మనెంట్ రోజ్ పలచగా. పసుపు గులాబీతో కలిస్తే నారింజ, గులాబీ నీలంతో కలిస్తే ఊదా. పసుపూ నీలం ఒకదాన్నొకటి తాకవు, ఆకుపచ్చ రాదు. సూర్యబింబం చోట కాగితం వదిలేస్తాను, దాని చుట్టూ అన్నిటికంటే పలచటి పసుపు. ఆరాక రంగు తేలికపడుతుంది కాబట్టి తడిలో కాస్త ఎక్కువైందని భయం వేసేంత వేస్తాను, ఆరాక సరిగ్గా సరిపోతుంది.

మే, జూన్ నెలల్లో ఇక్కడ సముద్రం మీద బూడిదరంగు మేఘం మధ్యాహ్నం దాకా కదలదు. అప్పుడు ఆకాశమంటే ఒకే ఒక పలచటి వాష్. అది వేయడమే అన్నిటికంటే కష్టం.

తెప్పవాడ (పూడిమడక) · సోమవారం రాత్రి 10:05

అందరికీ నమస్కారం. నేను బొమ్మలు వేయడం మొదలెట్టి ఏడాది. మా నాన్న, తాత చేపల వేటకెళ్ళినోళ్ళు. నేను కూడా ఇంటర్ దాకా సెలవుల్లో వెళ్ళాను. మాస్టారూ, మీ పద్ధతి చేసి చూశాను, చాలా బాగా వచ్చింది. కానీ ఒక మాట అడగాలి, తప్పుగా అనుకోవద్దు.

మన వాళ్ళు చాలామంది సాయంత్రం సముద్రం అని సూర్యుణ్ణి నీళ్ళలో ముంచేస్తున్నారు. వీడియోలు చూసి వేయడం వల్ల అనుకుంటాను. మన తూర్పు తీరంలో పొద్దు కొండల వెనక్కి, ఊరి వెనక్కి వెళ్తుంది. మరి సాయంత్రం సముద్రం వైపు ఏం ఉంటుంది? అది చాలామంది చూడరు, అందరూ పడమరకి తిరిగి ఫోటోలు తీస్తుంటారు.

పొద్దు వాలిన వెంటనే తూర్పుకి తిరిగి చూడండి. నీళ్ళకి ఆనుకుని ఒక నీలిబూడిద పట్టీ లేస్తుంది. దాని మీద గులాబీ పట్టీ. ఆ పైన మామూలు లేత నీలం. బూడిద పట్టీ మెల్లగా పైకి పెరుగుతుంది, గులాబీ దాని మీద పైకి పోతూ పోతూ కరిగిపోతుంది. అంతా పావుగంట, ఇరవై నిమిషాలు. చిన్నప్పుడు మా నాన్న ఒడ్డున వల సర్దుతుంటే నేను అది చూస్తూ కూర్చునేవాణ్ణి. వానమబ్బేమో అనుకునేవాణ్ణి. తర్వాత చదివితే తెలిసింది, అది భూమి నీడ. మన భూమి నీడే గాలి మీద పడి కనిపిస్తుంది.

అంటే ఆ టైములో గీత దగ్గర అన్నిటికంటే ముదురు, దాని పైన వెలుగు. మీరు చెప్పినదానికి తిరగబడి ఉంటుంది. అప్పుడు బోర్డు తిప్పాలా, వద్దా?

భీమిలి మాస్టారు · మంగళవారం ఉదయం 5:50

తెప్పవాడా, తప్పుగా అనుకునేది ఏముంది నాయనా. నిన్న రాత్రి నీ రాత చదివి నిద్ర పట్టలేదు. ఇన్నేళ్ళు భీమిలిలో ఉండి, గోస్తనీ సముద్రంలో కలిసేచోట వందల సాయంత్రాలు కూర్చుని, ఆ పట్టీని మబ్బుమసక అనుకుని బూడిదరంగు పులిమేశాను. నువ్వు చెప్పింది నిజం. గీత దగ్గర పలచన అన్నది పగటి మాట. పొద్దు వాలాక వర్తించదు.

బోర్డు తిప్పవద్దు. మామూలుగానే, పై అంచు వైపు పుస్తకం పెట్టి నీ వైపుకి వాలుగా ఉంచు. ముందు పైన కోబాల్ట్ పలచగా. మధ్యలో గులాబీ, శాన్ డియేగో ఆయన చెప్పిన పర్మనెంట్ రోజ్, బాగా నీళ్ళు కలిపి. చివర్లో గీత దగ్గర అల్ట్రామెరైన్, బర్ంట్ సియెన్నా కలిపిన బూడిద, నీలం ఎక్కువగా. అదను చివర్లో వెయ్యి, లేకపోతే గులాబీలోకి పాకి మొత్తం బురద అవుతుంది. వాలు ఉంది కాబట్టి బూడిద గీత దగ్గరే కుదురుకుంటుంది. టేపు అంచున పూస తీయడం మర్చిపోకు.

నేను ఇవాళ సాయంత్రం వెళ్తున్నాను.

సరుగుడుతోట · మంగళవారం ఉదయం 9:10

ఇది చదివాక గుర్తొచ్చింది. కార్తీక పౌర్ణమికి సూర్యలంకలో సముద్రస్నానాలకి వేలమంది వస్తారు. ఆ సాయంత్రం నిండు చంద్రుడు సరిగ్గా ఆ గులాబీ పట్టీలోంచే లేస్తాడు. పున్నమినాడు ఒకవైపు పొద్దు వాలడం, రెండోవైపు చంద్రుడు లేవడం దాదాపు ఒకే సమయానికి కదా. ఎన్నిసార్లు చూశానో, ఎందుకంత అందంగా ఉంటుందో ఇప్పుడు అర్థమైంది. చంద్రుణ్ణి వదలాలంటే గుండ్రంగా కోసిన టేపు ముక్క చాలు.

మధ్యాహ్నాల గురించి కూడా ఒకటి. ఎండవేళ సముద్రం మీద మబ్బులు తక్కువ, వెనక ఊరి మీద ఎక్కువ. నేల వేడెక్కి, సముద్రపు గాలి లోపలికి తోసుకొచ్చి, అక్కడ పైకి లేచి మబ్బు కడుతుంది. ఎండవేళ ఫోటోలో సముద్రం మీద ఖాళీగా ఉంటే బొమ్మ బోసిపోయిందని మబ్బులు ఇరికించకండి. ఆ ఖాళీ నిజమైనదే.

బందరుకోట (మచిలీపట్నం) · మంగళవారం రాత్రి 8:00

ఆకాశానికి మసక కావాలనుకునేవాళ్ళకి మా ఊరి పాత పద్ధతి ఒకటి. బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోద్ కుమార్ ఛటర్జీ గారు చిత్రకళ చెప్పేవారు, అడివి బాపిరాజు గారు ఆయన దగ్గరే నేర్చుకున్నారు. బెంగాల్ నుంచి వచ్చిన ఆ వాష్ పద్ధతిలో రంగు వేసి, పూర్తిగా ఆరనిచ్చి, కాగితాన్ని మొత్తం నీళ్ళలో ముంచి తీసేవారు. అంటుకోని రంగు పోతుంది, అంటుకున్నది మిగులుతుంది. మళ్ళీ వేయడం, మళ్ళీ ముంచడం. వాళ్ళు మనుషుల బొమ్మలకి చేసినది నేను మంగినపూడి పొద్దుటి మంచుకి చేస్తున్నాను. ఆకాశం వేసి, రాత్రంతా ఆరనిచ్చి, పొద్దున్న పళ్ళెంలో నీళ్ళు పోసి రెండు నిమిషాలు ఉంచి తీస్తాను. అంచులన్నీ మెత్తబడి ఆవిరిలా ఉంటుంది. మాస్టారి పద్ధతి నాలుగు నిమిషాలు, నాది రెండు రోజులు. కాగితం మాత్రం మందంగా ఉండాలి.

నీలిమందు · బుధవారం మధ్యాహ్నం 12:20

మాస్టారు చెప్పిన వెనక టైము రాసుకోవడం చదివితే కాన్‌స్టబుల్ గుర్తొచ్చాడు. ఇంగ్లండ్ చిత్రకారుడు, 1821, 1822లో లండన్ పక్కన హ్యాంప్‌స్టెడ్ కొండ మీద కూర్చుని వరసగా ఆకాశాలే వేశాడు. ఎక్కువవాటిలో చెట్టు లేదు, ఇల్లు లేదు, మబ్బులే. కాగితం మీద తైలవర్ణాలు. చాలావాటి వెనక తేదీ, వేళ, గాలి ఎటునుంచి వీస్తోందో రాసి పెట్టుకున్నాడు. మేఘాలకి ల్యూక్ హోవర్డ్ పేర్లు పెట్టి అప్పటికి ఇరవై ఏళ్ళు కూడా కాలేదు.

మనకి డాబాలున్నాయి. పోస్టుకార్డంత కాగితం, మూడు రంగులు, రోజుకొక ఆకాశం. భద్రకాళి తమ్ముడూ, సముద్రం లేకపోయినా ఆకాశం నీకూ అదే కదా. ఇప్పుడు వేసుకున్నవి ఏడాది తర్వాత నీ సముద్రం మీదకి పనికొస్తాయి.

భద్రకాళి_చెరువు · బుధవారం రాత్రి 9:00

అక్కా, గాజు పలక పద్ధతి మస్తు పనిచేసింది. రెండువైపుల తడిపిన, ఫ్యాను బంద్ చేసిన, ఒక్క గీత పడలేదు. డాబా మీద రోజుకొకటి నేను కూడ మొదలుపెడుత. మొదటిది పెడుతున్న చూడుండ్రి. వెనుక రాసిన: పొద్దుగాల 6:10, గాలి లేదు.

కొత్తకుంచె · ఆదివారం రాత్రి 8:45

వారం రోజులు మాస్టారు చెప్పినట్టు ముక్కలే వేశానండీ. నలభై రెండు అయ్యాయి. మా ఇంట్లో, ఫ్యాను లేకుండా, రెండో పూత తర్వాత ఒకటి ముప్పావు నిమిషానికి అదను వస్తోంది. మొన్న వాన పడిన రోజు రెండున్నర నిమిషాలు పట్టింది.

ఇవాళ సాయంత్రం ఉప్పాడలో పడమరకి వీపు పెట్టి కూర్చున్నాను. తెప్పవాడ గారు చెప్పిన పట్టీ కనిపించింది. ముందు ఏమీ లేదనుకున్నాను. హోప్ ఐలాండ్ వైపు చూస్తుంటే నీళ్ళ మీద ఎవరో తడిచెయ్యి రాసినట్టు నీలం లేచింది, దాని మీద గులాబీ. పక్కన వల దులుపుతున్న పెద్దాయన్ని అడిగితే "రోజూ ఉంటది కదా బాబూ" అన్నారు.

ఇంటికొచ్చి వేసినది పెట్టాను. గులాబీ కొంచెం ఎక్కువైంది, ఒక మూల బూడిద పాకింది. కానీ మరక లేదు, పచ్చ లేదు. వచ్చే పున్నమికి అక్కడే కూర్చుని వేద్దామనుకుంటున్నాను. బయట వేయడం ఇదే మొదటిసారి. ఏం తీసుకెళ్ళాలండీ?

తెప్పవాడ · ఆదివారం రాత్రి 9:20

అన్నా, బాగా వచ్చింది. ఎక్కువైన గులాబీ వల్లే ఆ సాయంత్రంలా ఉంది, దిద్దకండి. పున్నమికి నేను కూడా ఉప్పాడ వస్తాను, బస్సు దిగి ఫోన్ చేస్తాను.

భీమిలి మాస్టారు · సోమవారం ఉదయం 5:40

ఇద్దరూ వినండి. అరచేయంత ముక్కలు ఆరు, పరీక్ష ప్యాడు ఒకటి, క్లిప్పులు నాలుగు. మూడు రంగులు ఇంటి దగ్గరే గిన్నెల్లో చిక్కగా కలిపి మూత పెట్టుకోండి, ఉన్న ఇరవై నిమిషాల్లో ట్యూబులు పిండుతూ కూర్చోలేరు. చంద్రుడికి టేపు చుక్కలు ముందే కోసి ప్యాడుకి అంటించి ఉంచండి. మంచినీళ్ళు రెండు సీసాలు. ఒడ్డున నీళ్ళు అయిపోయాయని సముద్రంలో కుంచె ముంచకండి, ఆ ఉప్పు ఆరాక రంగులో గింజలు గింజలుగా తేలుతుంది. గాలికి కాగితం తొందరగా ఆరుతుంది, మీ ఒకటి ముప్పావు నిమిషం అక్కడ నిమిషమే కావచ్చు. మొదటి ముక్క ఆ లెక్క చూసుకోవడానికి పాడుచేయండి.

నా మంగళవారం సాయంత్రం బొమ్మ కింద పెట్టాను. వెనక ఇలా రాశాను: భీమిలి, 6:05, నీలిబూడిద రెండు వేళ్ళ ఎత్తు.